హెయిర్ డ్రయ్యర్ గాలి

నా చిన్నప్పుడు ఒక క్రిస్మస్ సెలవుల్లో డాలస్ పక్కనున్న మా ఊళ్లో స్వెట్టర్ల అవసరమే పడలేదు. డిసెంబరులో చెమటలు పోశాయి. టోర్నడోలు వచ్చేది వసంతంలో కదా అని పెద్దవాళ్లంతా ధీమాగా ఉన్నారు. ఓ సాయంత్రం ఆకాశం ఆకుపచ్చగా మారి, టోర్నడో సుడిగాలి మా వీధి మీదికి వచ్చింది. ఆ గాలి మా ఇంటి కంచె మాత్రం పీకి, పక్కింటి అక్క వాళ్ల ఇంటిని ఊడ్చుకుపోయింది. బాత్‌టబ్‌లో దిండ్లు కప్పుకుని పడుకున్న అక్కా, వాళ్ల అమ్మానాన్నా ప్రాణాలతో బయటపడ్డారు.

మర్నాడు ఊరంతా కలలో చూస్తున్నట్టుంది. చలి ఆపడానికి గోడల్లో కుక్కే గులాబీరంగు దూది చెట్ల కొమ్మలకి వేలాడుతోంది. ఎవరింటివో క్రిస్మస్ దీపాలు మా పెరట్లో పడి ఉన్నాయి. అక్క వాళ్లు మా ఇంట్లోనే దిగారు. అక్కంటే నాకు ప్రాణం. నా గదిలోనే పడుకుంటుందంటే, అంత కష్టంలోనూ నాకు లోలోపల పండగే.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే తలంటుకుని వచ్చి హెయిర్ డ్రయ్యర్ ఆన్ చేశాను. ఆ చప్పుడుకి అక్క "ఆపు! ఆపెయ్!" అని కేకపెట్టి, దాన్ని లాక్కుని నేలకేసి కొట్టింది. తర్వాత నా ముఖం కూడా చూడలేదు. అక్కకి ఇక నేనంటే ఇష్టం లేదనుకుని గరాజ్‌లో కూర్చుని ఏడ్చాను.

ఇండియా నుంచి వచ్చి మాతో ఉంటున్న మా తాతయ్య ఆ కేక విన్నారు. గరాజ్‌లోకి వచ్చి, చెయ్యి పట్టుకుని నన్ను కూలిన ఇంటి దగ్గరికి తీసుకెళ్లారు. గాలి ఎంత బలమైనదో అంచనా కట్టడానికి వచ్చిన ఒకాయన అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, గోడ లేచిపోయిన చోట కాంక్రీటు తడుముతున్నాడు. ఆయనతో కాసేపు మాట్లాడి తాతయ్య నా వైపు తిరిగారు.

"ఇల్లు మొత్తం పోయిందని గాలికి పెద్ద నంబర్ ఇచ్చెయ్యరంట అమ్మడూ. గోడని బోల్టులతో బిగించారా, ఉత్త మేకులే కొట్టారా అని చూస్తారంట. మేకులైతే తక్కువ గాలికే లేచిపోద్దంట." నా తడి జుట్టు నిమిరి, "మొన్న సాయంత్రంతో మీ అక్క బోల్టులన్నీ ఊడిపోయినయ్యే. ఇంక నీ డ్రయ్యర్ గాలి చాలదా?" అన్నారు.

ఇంకా ఆరని జుట్టుతో వెళ్లి పెరట్లో ఎండకి కూర్చున్నాను. చాలాసేపటికి అక్క తువ్వాలు తీసుకుని వచ్చి నా వెనక కూర్చుంది. నా తల తుడుస్తూ తుడుస్తూ, ఇల్లు పోయాక మొదటిసారి ఏడ్చింది.

ఇప్పటికీ ఎవరైనా చిన్నమాటకే విరుచుకుపడితే నాకు కోపం రాకపోదు. వస్తుంది. కానీ నేనన్న మాట ఎంతని కొలుచుకోను. అంతకుముందు ఏ గాలి తగిలి వచ్చారో అనుకుంటాను. మా ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ లేదని నా కూతురు విసుక్కుంటూనే ఉంటుంది. విసుక్కున్న రోజున తువ్వాలు పట్టుకుని నేనే దాని వెనక కూర్చుంటాను.