కొలతలమ్మ చదివిన శాలువా

తన తప్పు తనకే దొరికితే మనిషికి అంత సంతోషం ఎందుకు కలుగుతుంది? మా మరదలి విషయంలో ఈ ప్రశ్నకు నాకింకా జవాబు దొరకలేదు. నా తప్పు ఎవరైనా చూపిస్తే మూడు రోజులు ముభావంగా తిరిగే మనిషిని నేను.

ఆమె మా తమ్ముడి భార్య. ఎలక్ట్రానిక్ త్రాసులు చేసే కంపెనీలో ఇరవై ఏళ్ళు ప్రోగ్రాములు రాసింది. త్రాసు రసీదు మీద అచ్చయ్యే మాటలన్నీ ఆమె సి భాషలో రాసినవే. ఇంట్లో మాత్రం ఆమె పేరు కొలతలమ్మ. టీ పోసేముందు కప్పులో ఎంత పడుతుందో చూస్తుంది. ఆమె పోస్తే సాసర్లో చుక్క పడటం నేనెరగను.

ఆ ఆదివారం ఆమెను పిలిపించింది మా అక్క. అక్కకు చిన్న అల్లికల వర్క్‌షాపు ఉంది. రెండు గదులు, ఒక అల్లిక మెషీను, గోడ నిండా దారపు ఉండలు. మెషీనును నడిపే పాత కంప్యూటరు పాడైంది. డిజైన్ల ఫైళ్ళు బతికాయి గానీ వాటిని తెరిచే సాఫ్ట్‌వేరు ఇప్పుడెక్కడా లేదు. వాటిలో ఒక శాలువా డిజైను ఉంది. అక్క పాతికేళ్ళ కిందట గళ్ళ కాగితాల మీద ఆరు నెలలు కూర్చుని గీసింది. ఆ కాగితాలను చెదలు తినేశాయి. ఇప్పుడు అక్క చేతులు వణుకుతాయి. ఫైలు తెరుచుకోకపోతే ఆ శాలువా ఇక లేనట్టే.

"చూద్దాం వదినా," అంది మరదలు. "ఇందులో అక్షరాలుండవు, ఉత్త అంకెలే. ఒక్కో కుట్టుకు ఒక్కో దారం నంబరు."

"నీ భాష నాకెందుకు? గిన్నెల భాషలో చెప్పు."

"ముందు ఫైలు చివరిదాకా వెళ్ళి ఎంతుందో కొలుస్తా. మెమరీలో అంత గిన్నె అడుగుతా. మళ్ళీ మొదటికొచ్చి మొత్తం ఒక్కసారే పోస్తా. ఆ గిన్నెనే బఫర్ అంటాం. పనయ్యాక ఎక్కడిది అక్కడ ఇచ్చేస్తా."

"మొదటికి రాకపోతే?" అన్నాను.

"పుస్తకం ఆఖరి పేజీ తిప్పాక మీకేం మిగుల్తుంది బావగారూ?"

"కళ్ళజోడు," అంది అక్క.

మరదలు తన ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము రాసి దాన్ని మెషీనుకు తగిలించింది. మెషీను కదిలింది. నాలుగు వేళ్ళ వెడల్పున ఎర్రటి అంచు వచ్చి ఆగిపోయింది. రెండోసారీ అదే అంచు. మూడోసారీ అంతే. అక్క ఆ ముక్కలను మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఫైలు మొత్తం వచ్చింది వదినా, లెక్క సరిపోయింది. మరి ఇక్కడే ఎందుకాగుతోంది?"

"అంచు బాగానే అల్లింది పాపం. ఆ తర్వాతే కదా కన్నాలు మొదలయ్యేది. అక్కడో కుట్టు, ఇక్కడో కుట్టు వదిలేశాను. అక్కడ దారమే ఉండదు."

మరదలి వేళ్ళు ఆగాయి. "దారం లేదంటే నంబరు?"

"నన్నడుగుతావేం? ఏమీ లేకపోతే సున్నాయే."

మరదలు నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ వెనక్కి జరిగిపోయేంత నవ్వు.

"రసీదుల అలవాటు బావగారూ. సి భాషలో మాట అయిపోయిందని తెలియడానికి చివర సున్నా పెడతాం. మెషీనుకు పంపేటప్పుడు, ఇది ఎంత పొడవుందని మాటను కొలిచినట్టు కొలిచాను. కంప్యూటరు మొదటి సున్నా దగ్గరే అయిపోయిందనుకుంది. వదిన వదిలిన కుట్టు దగ్గరే నేను శాలువా ముగించేశా. అసలు కొలత నా దగ్గరే ఉంది, చూడండి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది."

"కొలతలమ్మే కొలత తప్పితే మా గతేం కాను?"

"మా కంపెనీలో మాత్రం చెప్పకు వదినా," అంటూ ఇంకా నవ్వుతూనే ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చింది.

ఈసారి అంచు దాటింది. మొదటి కన్నం కనబడగానే అక్క అందులో వేలు పెట్టి చూసింది. "ఇది నేను వదిలిందే," అంది మెల్లగా. తర్వాత రెండు గంటలు మేమిద్దరం మెషీను మీదకు వంగి ఉండిపోయాం. శాలువా సూదుల నుంచి జారి అక్క చేతుల్లో పడింది. మరదలికి చూపిద్దామని వెనక్కి తిరిగాను.

కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. టీ కప్పు కడిగి బోర్లించి ఉంది.

"వెళ్ళొస్తానని ఒక్క మాటైనా అనలేదు చూడు," అంది అక్క, శాలువా భుజాల మీద సర్దుకుంటూ. ఇంకా తడిగానే ఉన్న ఆ కప్పును తీసి అరలో పెట్టాను.