కాగితం మీద పోయిన మా జేజి

నేను పి.యు.సి. పరీక్షలు రాసిన ఏడాది మా ఇంటిల్లిపాదీ బావిలోనే ఉన్నాం. అరవైల నడిమి కరువు అది. మా ఊరు బత్తలపల్లెకు మూడు మైళ్లు. నాలుగెకరాల మెట్ట, దాని మూలన ఒక బావి. అంతకు ముందు రెండేళ్లు శెనక్కాయ విత్తనం కూడా తిరిగి రాలేదు. మూడో ఏడు బావి అడుగంటింది. ఇంకో రెండు మట్లు, అంటే రెండు నిలువుల లోతు తీస్తే ఊట తగులుతుందని ఎవరో చెప్పగా నాయన గడ్డపార పట్టుకుని దిగాడు.

నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. చదువుకోవడానికి సెలవులిస్తే ఇంటికి వచ్చాను. నాయన కింద తవ్వేవాడు. అమ్మ, నేను తాడుతో తట్టలు పైకి లాగేవాళ్లం. మా జేజి, అంటే నాయన తల్లి, గట్టున కూర్చుని ఆ మట్టిని చేత్తో పిండి చూసేది, తడి ఏమైనా ఉందేమోనని. ఇంగ్లీషు పుస్తకం అక్కడే ఒక రాయి కింద పెట్టుకున్నాను. తట్టకూ తట్టకూ మధ్య ఒక పేరా చదవాలనుకునేవాణ్ణి. పేరా మధ్యలో ఉండగా కింద నుంచి నాయన తాడు గుంజేవాడు. మూడు వారాలు అలా గడిచాయి. అడుగున ఇంత జిగట మట్టి తగిలింది గానీ నీళ్లు పడలేదు. అరచేతుల్లో బొబ్బలు పగిలి, పరీక్షల నాటికి కలం పట్టుకుంటే చురుక్కుమనేది. నేను అంతకు ముందు మాత్రం బాగా చదివేవాణ్ణని చెప్పుకోను. కానీ అంత అధ్వాన్నంగానూ చదివేవాణ్ణి కాదు.

పేపర్లో నా నంబరు ఉంది. పాసయ్యాను. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. వారం తర్వాత మార్కుల కాగితం పోస్టులో వచ్చింది. అన్నీ సరిపోయాయి, ఒక్క ఇంగ్లీషు తప్ప. డిగ్రీలో చేరాలంటే ఇంగ్లీషులో నలభై ఉండాలి. నాకు ముప్పై ఆరు.

ఆ కాగితం పట్టుకుని కాలేజీ ఆఫీసుకు నాలుగు సార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ కిటికీ అవతల అదే పెద్ద గుమాస్తా. యాభై దాటిన మనిషి, చొక్కా మీద నశ్యం మరకలు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. మొదటి మూడుసార్లూ ఆయన కాగితం చూసి ఒకే మాట అన్నాడు.

“నలభై ఉండల్ల. ముప్పై ఆరుండాది. ఇంగ మాట్లాడేదేముండాది?”

నిజంగానే మాట్లాడేదేమీ లేదు. అయినా మళ్లీ పొద్దున్నే మూడు మైళ్లు నడిచి బస్సెక్కేవాణ్ణి. ఇంట్లో కూర్చుంటే బావి కనిపిస్తుంది. ఆఫీసు వరండాలో కూర్చుంటే కనీసం ప్రయత్నం చేస్తున్నట్టు ఉంటుంది. నాలుగోసారి ఆయన నన్ను చూసి విసుక్కోలేదు. విసుక్కునే ఓపిక కూడా అయిపోయినట్టుంది.

“ఏమప్పా, మళ్లొచ్చినావు?”

“ఏదన్నా దారుంటే చెప్పండి సార్.”

ఆయన కలం కింద పెట్టాడు. “ఎగ్జెంప్షన్ అని ఒకటుండాది. అయిదు మార్కుల లోపల తక్కువైతే ప్రిన్సిపాల్ సిఫారసు రాసి యూనివర్సిటీకి పంపుతాడు. వాళ్లు సరేనంటే చేరచ్చు. అయితే కారణముండల్ల.”

“కరువు సార్. చదువుకునే సెలవులంతా బావి తవ్వినాము.”

“కరువు కారణం కాదప్పా. జిల్లా అంతా కరువే. అందరికీ తలా నాలుగు మార్కులు ఇచ్చుకుంటా పోతారా? పరీక్షలప్పుడు నీకు జబ్బు చేసిండల్ల, డాక్టరు కాగితముండల్ల. లేకుంటే ఇంట్లో ఎవురన్నా పోయిండల్ల. దానికైతే మీ నాయన సంతకం చేసిన ఉత్తరం చాలు.”

“జబ్బు చేయలేదు సార్. ఎవురూ పోలేదు.”

ఆయన నశ్యం పీల్చి, రుమాలుతో ముక్కు తుడుచుకుని, కిటికీ బయట ఇంకెవరూ లేరని చూసుకున్నాడు. “ఇంట్లో ముసలోళ్లు ఎవురూ లేరా?” అన్నాడు.

“మా జేజి ఉండాది సార్.”

“ఊ. సోమవారం లోపల తెస్తే పంపుతా.”

ఆ మాటకు అర్థం నాకు వెంటనే తట్టలేదు. తిరుగు బస్సులో, ఊరు ఇంకా నాలుగు మైళ్లుందనగా తట్టింది.

ఇంట్లో డాక్టరు కాగితం సంగతి చెప్పాను. రెండోది చెప్పకూడదనే అనుకున్నాను. నాయన వదలలేదు. “నాలుగు నెల్ల కింద నీకు జరమొచ్చిందని ఇప్పుడు ఏ డాక్టరు రాసిస్తాడు? ఆయప్ప ఇంగేమన్నా చెప్పినాడా?” అని అడిగాడు. చెప్పాల్సి వచ్చింది.

నాయన “వాడి ఇంట్లో ముసలోళ్లు లేరంటనా?” అని లేచి పోబోయాడు.

మా జేజి వసారాలో చాటలో కొర్రలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. చెవులు బాగా వినపడేవి ఆమెకు, కళ్లే మసకలు. చాట కింద పెట్టి, “నేనుండా కదప్పా, నన్ను రాయండి” అంది.

“నువ్వు గమ్మునుండుమ్మా,” అన్నాడు నాయన.

“ఏంటికి గమ్మునుండేది? కాగితంలో సస్తే నాకేమన్నా నొప్పి పుడతాదా? ఈ యేడు గాకుంటే వచ్చే యేడన్నా పోయేదాన్నే. ముందే రాసుకుంటే ఎవురికి నష్టం?”

“నా చేత్తో ఎట్ల రాసిస్తానమ్మా?”

“నీ చేత్తో రాసేదేముండాది? నీకు రాసేదొస్తే కదా. పిల్లోడు రాస్తాడు. నువ్వు సంతకం గీకు.”

అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. పాత్రల చప్పుడు కూడా ఆగిపోయింది. నాయన ఆ రోజు ఒప్పుకోలేదు. మరుసటి రోజూ ఒప్పుకోలేదు. నేను అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆయన ఒప్పుకోకపోతే బాగుండునని ఒక పూట, ఒప్పుకుంటే బాగుండునని ఒక పూట అనిపించేది. అడిగింది జేజే. పొద్దున, మధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం. “ఏమప్పా, రాసినారా?” అని, పొలంలో విత్తనం పడిందా అని అడిగినట్టే అడిగేది.

ఆదివారం మధ్యాహ్నం నాయన పొలం నుంచి వచ్చి, నీళ్లు తాగి, “రాయి” అన్నాడు.

ఉత్తరం ఇంగ్లీషులోనే ఉండాలని గుమాస్తా చెప్పాడు. వసారాలో బోర్లించిన గంప మీద కాగితం పెట్టుకుని రాశాను. ఆ భాషలో నేను తప్పుల్లేకుండా రాసిన మొదటి ఉత్తరం అదేనేమో. రాశాక నాయన, “ఏం రాసినావో తెలుగులో చెప్పు” అన్నాడు.

“పరీక్షల వారంలో మా అమ్మ...” అని ఆగిపోయాను. ఉత్తరం నాయన రాసినట్టుగా రాయాలి కాబట్టి అందులో ‘మా అమ్మ’ అనే ఉంది. నాయన ముందు ఆ మాట నోటికి రాలేదు.

“చెప్పప్పా, సగంలో నిలిపితే ఎట్ల,” అంది జేజి చాట ముందు నుంచే.

చెప్పాను. నాయన మూడో తరగతి దాకా చదివినవాడు. పేరులోని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. కలం నాకిచ్చి పెరట్లోకి పోయాడు. కాసేపటికి నీళ్ల చప్పుడు వినపడింది. వెళ్లి చూస్తే, అమ్మ మైలు దూరం నడిచి మోసుకొచ్చిన నీళ్లలోంచి ఒక నిండు కడవ తల మీద పోసుకుంటున్నాడు. సావు నీళ్లు పోసుకున్నట్టు. మా ఇంట్లో అందరం అప్పుడు వారానికి ఒకసారి, అదీ ఒళ్లు తుడుచుకోవడమే.

జేజికి కోపం వచ్చింది. ఆ రెండు మూడు రోజుల్లో ఆమెకు కోపం వచ్చింది అప్పుడొక్కసారే. “బతికుండే దానికి నీళ్లెందుకు పోసుకుంటాండావురా? ఆ కడవతో రెండు పూట్లు సంగటి అయ్యుండు గదా!” అని కేకలేసింది. నాయన తల తుడుచుకుంటూ నిలబడ్డాడు.

సోమవారం ఉత్తరం ఇచ్చాను. గుమాస్తా దాన్ని చదివి, “అయ్యో పాపం” అని, మిగతా కాగితాలతో కలిపి గుండుసూది గుచ్చాడు. ఆరు వారాలకు పోస్టు కార్డు వచ్చింది. నన్ను చేర్చుకోవచ్చునని యూనివర్సిటీ ఒప్పుకుంది. అప్పటికే తరగతులు మొదలై నెల దాటింది. కార్డు చదివి వినిపిస్తే జేజి, “అయితే మంచిదే” అంది. నాయన తలూపాడు. పెట్టె సర్దుకుంటుంటే నాకు సంతోషం వస్తుందేమోనని ఎదురు చూశాను. నిద్ర వచ్చింది.

బి.ఏ. తరగతిలో చివరి బెంచీ దొరికింది. ముందు జరిగిన పాఠాలు వేరే వాళ్ల నోట్సు అడిగి రాసుకోవాలి. ఆ ఏడంతా ఎక్కుతున్న మెట్టు పైన ఇంకో మెట్టు పుడుతున్నట్టే ఉండేది. ఆఫీసు ముందు నుంచి నడవాల్సి వస్తే చుట్టు తిరిగి వెనక గేటు నుంచి పోయేవాణ్ణి.

చలికాలంలో ఒక రోజు, మధ్యాహ్నం తరగతి అయ్యి బయటికి వస్తే, ఆఫీసు వరండా మెట్ల మీద జేజి కూర్చుని ఉంది. మా ఊరామె ఒకామె కంటి చూపు కోసం పెద్దాసుపత్రికి వస్తుంటే, తన మసకలు కూడా చూపించుకుంటానని వెంట వచ్చిందట. ఆసుపత్రి నుంచి కాలేజీకి దారి అడుగుతూ ఒక్కతే నడిచి వచ్చింది. ఒళ్లో గుడ్డ మూట. జొన్న రొట్టెలు, ఊరిబిండి పచ్చడి.

“యాడ సదువుతాండావో సూసిపోదామని వచ్చినాప్పా” అంది.

నేను ఆమె చేయి పట్టుకుని లేపేలోపల ఆఫీసు తలుపులోంచి గుమాస్తా బయటికి వచ్చాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని మమ్మల్నిద్దరినీ చూశాడు.

“ఎవురప్పా ఈమె?”

“మా ఊరామె సార్,” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ ఉత్తరం రాయమన్నదే ఆయన. ఆయనకు తెలియనిదేమీ లేదు. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. నా పట్టులో జేజి చేయి ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత ఆమే నా చేయి వదిలించుకుంది.

“అవునయ్యా, వీళ్లింటి పక్కనే మా ఇల్లు,” అంది. గుమాస్తా ఏమీ అడగకుండానే ఇంకో మాట కూడా చెప్పింది. “వీళ్ల జేజి నాకు బాగా తెలుసు. మంచి మనిషి, పాపం. పోయింది.”

గుమాస్తా తల వంచుకుని లోపలికి పోయాడు.

బస్టాండు దాకా ఆమెతో నడిచాను. దారంతా ఎండ. ఆమె అడుగులు మెల్లగా పడుతున్నాయి. జేజీ, తప్పయిపోయింది అందామనుకున్నాను. క్లాక్ టవర్ దాటాక అందామనుకున్నాను, రైలు గేటు దగ్గర అందామనుకున్నాను. ఆమె హాస్టల్లో అన్నం కడుపు నిండా పెడతారా అని అడిగింది. పెడతారన్నాను. రాత్రి కప్పుకోను ఉందా అంది. ఉందన్నాను. కంటికి ఏమన్నారని అడిగాను. “పొర అంట. కోయల్లంట. ఇప్పుడెందుకులే అన్నా” అంది. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని, నా వైపు చూస్తోందో, మసకలోకి చూస్తోందో తెలియనట్టు చూసింది. బస్సు కదిలింది.

మరుసటి రోజు గుమాస్తా నన్ను పిలిపించాడు. ఎదురుగా నిలబెట్టి చాలాసేపు ఏదో రాస్తూనే ఉన్నాడు.

“ఆమె మీ జేజి కదా?”

ఆయన నా జవాబు కోసం ఆగలేదు.

“నిన్ను నాలుగు సార్లు కిటికీలో సూసినోణ్ణి. అదే ముక్కు.” ఆయన వెనకనున్న ఇనుప బీరువా వైపు చేయి చూపాడు. “ఆ బీరువాలో ఈ యేడు పోయినోళ్లు పదముగ్గురుండారు. ఎంతమంది బతికుండారో నేను అడగను. పెద్దామెను ఈడికి మళ్లీ రానియ్యద్దు. ప్రిన్సిపాల్ కండ్లబడితే నీకు నాకు ఇద్దరికీ కష్టం.” మళ్లీ కలం అందుకుంటూ, “మనిషి గట్టిది” అన్నాడు.

రావద్దని ఆమెకు నేను చెప్పలేదు. చెప్పే పని పడలేదు. ఆమె మళ్లీ రాలేదు. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు కన్ను కోయించుకోమని బతిమాలాను. రెండేళ్లు బతిమాలితే ఒప్పుకుంది. అప్పుడు ఆసుపత్రి వరండాలో మూడు రోజులు ఆమె మంచం పక్కనే ఉన్నాను. అడిగిన ప్రతి నర్సుకూ మా జేజి అని చెప్పాను. ఆమె కట్టు కట్టిన కంటితో నవ్విందో లేదో నాకు తెలియలేదు. కాలేజీ వరండా మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే తేలికపడేవాళ్లమేమో. ఆమెకు అది భారంగా ఉన్నట్టు మాత్రం కనపడలేదు. భారమంతా నాదే అనుకున్నాను, అదీ ఒక గర్వమేనేమో.

డిగ్రీ మూడో క్లాసులో పాసయ్యాను. ఇంగ్లీషులో ఆ మూడేళ్లూ బొటాబొటిగానే గట్టెక్కాను. కణేకల్ దగ్గర బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంలో చేరే ముందు రోజు నాయన, నేను గడ్డివామి దగ్గర కూర్చుని ఉన్నప్పుడు అడిగాను.

“ఆ పొద్దు సంతకం పెట్టినందుకు నీకు బాధ లేదా నాయనా?”

నాయన చేతిలో పుల్ల విరుస్తూ ఉన్నాడు. “ఎందుకుండదు?” అన్నాడు. “శానా దినాలుండింది. ఆమె సంగటి తినేటప్పుడు సూస్తే ఉండేది.” పుల్ల పారేశాడు. “పొద్దున బస్సు ఎన్ని గంటలకు?”

ఆరింటికని చెప్పాను. పెట్టె తాడుతో కట్టుకోమని, గొళ్లెం వదులుగా ఉందని చెప్పి ఆయన ఎద్దులకు నీళ్లు పెట్టడానికి లేచాడు.