ఎడమవైపు తెరిచిన ఆటో

మా ఎదురింటి అమ్మాయి ఈ నెల రెండో మంగళవారం ఉదయం ఆరుంపావుకు పోయింది. ముందురోజు సాయంత్రం ఛాతీలో నొప్పి అంటే వాళ్లాయన ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. తెల్లారేసరికి నాకు ఫోను వచ్చింది. యాభై రెండేళ్ల మనిషిని అమ్మాయి అంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. నాకు డెబ్భై ఎనిమిది. పుప్పాలగూడలో పదకొండేళ్లుగా ఆమె తలుపూ నా తలుపూ ఎదురెదురు.

వాళ్లది ఈ ఊరే, మాది కాకినాడ. లెక్కల టీచరుగా రిటైరై ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఇంట్లోనే మిషను కుట్టే ఆమెకు రెండు జాకెట్లు కుట్టమని ఇచ్చాను. చెప్పిన రోజుకు ఇవ్వలేదు.

"మూడు రోజులు ఆలస్యం" అన్నాను.

"ఆలస్యానికి తిట్టుండ్రి టీచరమ్మా, పడతా. బిగుతైందని మాత్రం తిట్టనియ్య."

తిట్టాను. జాకెట్లు మాత్రం అచ్చుపోసినట్టు కుదిరాయి.

డిగ్రీ చదివిన మనిషి. నలభై ఆరో ఏట కంప్యూటరు నేర్చుకుని కొండాపూర్‌లో ఒక ఆఫీసులో చేరింది. మెడలో కొలత టేపుతోనే బయలుదేరేది. లిఫ్టులో నేను గుర్తుచేస్తే తీసి సంచిలో వేసుకునేది.

ఆ ఆఫీసు పనేమిటో ఆమే నాకు చెప్పింది. డ్రైవరు లేకుండా నడిచే కార్లకు ముందుగా కంప్యూటర్‌లో ఒక రోడ్డు కట్టి, అందులో నడక నేర్పుతారు. ఆ రోడ్డు మీదికి ఆటోలు, తోపుడుబండ్లు, గేదెలు, మనుషులు కావాలి. నెత్తిన లేజరు యంత్రం తిరిగే కారొకటి ఊరంతా తిరిగి, ఎదురైన ప్రతి వస్తువునూ వేల చుక్కలుగా పట్టుకొస్తుంది. ఆ చుక్కల నుంచి తయారైన బొమ్మ అసలు వస్తువులాగే ఉందో లేదో చూసి సరే అనడం ఆమె వంతు. "బొమ్మలకు సరే అనడం కూడా ఒక ఉద్యోగమా?" అని ఎగతాళి చేశాను. ఆ మాట ఇక్కడ, మీ అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక సాయంత్రం నేరుగా మా హాల్లోకి వచ్చేసింది.

"చెప్పులు" అన్నాను. వెనక్కి వెళ్లి విడిచి వచ్చింది.

"ఆటోకు రెండు దిక్కులా కడ్డీలు పెట్టిండ్రు టీచరమ్మా. సరే అనమంటున్నరు."

లేజరు కారు ఆటోలను కుడివైపు నుంచి దాటుకుంటూ పోయింది కనుక కుడివైపు చుక్కలే దొరికాయి. మన ఆటోలకు ఆ వైపు అడ్డంగా కడ్డీ ఉంటుంది, ఎక్కడం దిగడం ఎడమవైపే. ప్రోగ్రాము మాత్రం కనబడిన వైపునే అద్దంలో బొమ్మలా తిప్పి కనబడని వైపు అతికించింది. కార్లకు అది సరిపోయింది. ఆటోకే దిగే దారి లేకుండా పోయింది.

"అయితే ఏమవుతుంది?"

"నడిరోడ్ల ఆటో ఆగిందనుకోండి, ఎడమ సందుల నుంచి కారు దూరిపోతది. గా దిక్కు మనిషి దిగుతడని దానికెవరు చెప్పాలె? మేమే కదా!"

శుక్రవారానికి బొమ్మలన్నీ పంపాలి. ఆమె ఒప్పందం ఆ నెలాఖరుతో ముగుస్తోంది, పొడిగించాల్సింది మేనేజరే. వాళ్లాయనకు అప్పుడు పని లేదు, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. "ఈ ఒక్కటి ఓకే చేసేయండి ఆంటీ, తర్వాత చూద్దాం" అన్నాడట మేనేజరు.

"నోటితో చెబితే వాదన అంటారు. లెక్కపెట్టి రాసుకువెళ్లు" అన్నాను.

మర్నాడు ఏడింటికి ఇద్దరం ఖాజాగూడ వెళ్లే రోడ్డు పక్కన నిలబడ్డాం. ఒక ఆటో అతను బండి ఆపి, "ఏందమ్మా, ఎక్కుతరా, లెక్కపెడుతరా?" అన్నాడు. "నీది నలభయ్యోది, ఇగ పో అన్నా" అంది మా అమ్మాయి.

గంటలో డెబ్భై మూడు ఆటోలు. డెబ్భై ఒకటికి కుడివైపు కడ్డీ ఉంది. ఒకదానికి కడ్డీ ఊడిపోతే తాడు కట్టారు. ఇంకొకటి బస్సు చాటున పోయింది. "దానికీ ఉండే ఉంటుంది, డెబ్భై రెండు వేసెయ్" అన్నాను, లెక్కల టీచరునై ఉండి.

"కనబడకపోతే కనబడలేదని రాయాలె టీచరమ్మా. ఉన్నదని రాస్తే ఆ ప్రోగ్రామ్ చేసిందే మనం చేసినట్టు."

నా లెక్కను ఒకరు దిద్దడం, అదీ నడిరోడ్డు మీద, నాకు అలవాటు లేదు. ఆమె చెప్పినట్టే రాశాను.

కాగితం చూసి మేనేజరు నవ్వాడట. "మీరు మాత్రం ఒక చెయ్యి కొలిచి రెండు చేతులూ కుట్టరా ఆంటీ?"

"చేతులు కుడతం బాబూ. ముందు మెడ లోతే ఎనకకు పెడితే ఎవలన్న ఊకుంటరా? జర కిందికి రా."

ఆఫీసు ముందున్న ఆటోలో అతన్ని కూర్చోబెట్టి, కుడివైపు నుంచి దిగమంది. కడ్డీ కింద దూరబోయి మోకాలు కొట్టుకున్నాడు. పైకి వెళ్లి, బొమ్మలు పంపడానికి సోమవారం దాకా గడువు అడిగాడు. శనివారం ఒక ఆటోను నిలబెట్టి దాని చుట్టూ లేజరు కారును తిప్పారు. సోమవారం ఆమె సరే అంది. నెలాఖరుకు ఒప్పందం పొడిగించడమే కాక, ఈ ఊరి బండ్ల బొమ్మలన్నీ ఆమె చూశాకే బయటికి వెళ్లాలని నియమం పెట్టారు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మా అంతస్తులో ఆరిళ్లకూ నేనే చెప్పాను.

ఆమె పోయిన పదకొండో రోజున, ఆఫీసులో ఆమెతో పనిచేసిన పిల్ల ఒకతె వచ్చి, వాళ్లాయన పక్కన నన్నూ కూర్చోబెట్టి లాప్‌టాప్ తెరిచింది. తెరమీద, కంప్యూటర్‌లో కట్టిన మన రోడ్డే. నడిమధ్య ఒక ఆటో ఆగింది. వెనకాల డ్రైవరు లేని కారు. ఎడమ సందు ఖాళీగానే ఉన్నా అది కదల్లేదు. ఆటో ఎడమవైపు నుంచి చీర కట్టుకున్న ఒకావిడ దిగింది. సంచి కింద పెట్టి, తీరిగ్గా కుచ్చిళ్లు సవరించుకుంటోంది. కారు ఇంకా ఆగే ఉంది.