అవ్వ కట్టిన వేపమండలు

నా చిన్నప్పుడు, కరెంటు పోయి మళ్ళీ రాని ఆ ఏడాది, అమ్మా నేనూ నిజామాబాద్ వదిలి కాలినడకన బోధన్ దగ్గరి అవ్వ ఇంటికి చేరాం. పట్నంలో దుకాణాలు ఖాళీ అయ్యాయి. పోలీసులు కనిపించడం మానేశారు. సోలెడు బియ్యం కోసం మనుషుల్ని చంపుతున్నారు. పని కోసం దూరం వెళ్ళిన బాపు జాడే తెలియలేదు.

అవ్వ ఇల్లు చెరుకు తోటల మధ్య ఒంటరిగా ఉండేది. కోసేవాళ్ళు లేక చెరుకు ఇంటి కప్పును దాటి పెరిగింది. గాలికి ఆకులు గరగరలాడితే చాలు, ఎవరో వస్తున్నారని నా గుండె జారిపోయేది. ఇంట్లో ఉన్నవి కాసిని జొన్నలు. అవి పోతే మాకు చావే.

ఒక పొద్దున బండ్లబాట మీద కర్రలు పట్టుకున్న మనుషులు కనిపించారు. పారిపోయే వ్యవధి లేదు. అవ్వ నన్ను మంచంలో పడుకోబెట్టి ముఖమంతా పసుపు మెత్తింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. "కండ్లు తెర్వకు బిడ్డా" అంది. అడుగుల చప్పుడు వాకిట్లోకి వచ్చింది.

"పిల్లకు అమ్మవారు పోసింది. లోపలికి రాకుండ్రి!" అని అవ్వ కేకేసింది.

డాక్టరూ మందూ లేని రోజులు. ఆ మాటకు వాళ్ళు జడిసి వెనక్కి తిరిగారు. చాలాసేపటి దాకా నేను కళ్ళు తెరవలేదు.

మర్నాడు చంకలో పసివాడితో ఒకామె వచ్చింది. వాకిట్లో నిలబడి పిలవబోయి, వేపమండలు చూసి, బిడ్డ ముఖం మీద కొంగు కప్పి గబగబా వెనుదిరిగింది.

"పోనియ్యి అత్తా. రోగం అబద్ధమని దానికి తెలిస్తె అందరికి తెలుస్తది. వాళ్ళు మళ్ల వస్తరు" అంది అమ్మ. అమ్మ అన్నదీ నిజమే.

అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది. కర్రలవాళ్ళు పోయిన దిక్కుకు ఒకసారి భయంగా చూసింది. అంతలోనే చెప్పులైనా వేసుకోకుండా బాట మీదికి ఉరికింది.

"ఓ బిడ్డా, ఆగు! రోగం లేదు, ఏం లేదు. దొంగలకు భయపడి కట్టినం. వచ్చి అంబలి తాగు!"

ఆ పూట మా అంబలి నీళ్ళలా పలచబడింది. అమ్మ మూలన కూర్చుని ఏడ్చింది. పసివాడు మాత్రం గ్లాసు వదలకుండా తాగాడు. ఆ తల్లి మా దగ్గరే ఉండిపోయి, అమ్మతో వంతులేసుకుని ఇల్లు కాపలా కాసింది. కర్రలవాళ్ళు మళ్ళీ రాలేదు. వస్తారేమోనన్న భయం మాత్రం ఆ ఏడాదంతా మాతోనే ఉంది.

ధైర్యమంటే భయం లేకపోవడమని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు నాకు మనవలున్నారు. తెలియని గొంతు బయటి నుంచి పిలిస్తే ఈ వయసులోనూ గుండె దడదడలాడుతుంది. ఆ దడతోనే లేచి వెళ్ళి తలుపు తీస్తాను.