పేజీల పెత్తనం

గ్రంథాలయంలో ఆమెను అందరూ క్యాటలాగమ్మ అనేవారు. ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలకు నంబర్లు వేస్తోంది. ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. గ్రంథాలయానికి వెబ్‌సైటు వచ్చాక దాని పెత్తనమూ ఆమె నెత్తినే పడింది. సభ్యులు అందులో సొంత పేజీ పెట్టుకోవచ్చు, కానీ క్యాటలాగమ్మ అనుమతి ఇవ్వాలి. జాబితాలో పేరు పక్కనున్న చిన్న గడిలో టిక్కు పెడితే ఇచ్చినట్టు.

ఆ టిక్కు పెట్టడానికి ఆమెకు చెయ్యి వచ్చేది కాదు. పెళ్ళిసంబంధం చూసినట్టు ఒక్కో దరఖాస్తు గురించి ఆరా తీసేది. రెండేళ్ళలో పద్నాలుగు మందికి ఇచ్చింది. దక్కనివాళ్ళలో సొంత అత్తగారు ఒకరు. ఆవిడ మూడుసార్లు దరఖాస్తు పెట్టి, ‘పేజీ ఎందుకు’ అన్నచోట మూడుసార్లూ ‘నా ఇష్టం’ అని రాసింది. ‘కారణం చాలదు’ అని మూడుసార్లూ ఈ-మెయిల్ పంపింది కోడలు. పక్కగదిలోకి.

ఒక మంగళవారం గడియారాలు బాగుచేసే ఆయనకు అనుమతి ఇద్దామని కూర్చుంది. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయింది. ఆయన పేరు జాబితాలో మొట్టమొదటిది. దానికి పైన ఇంకో గడి ఉంది. అది నొక్కితే కిందున్న అందరికీ ఒకేసారి టిక్కు పడుతుంది. క్యాటలాగమ్మ దాన్నే నొక్కింది. ‘ఇకపై మీరు సొంత పేజీ పెట్టుకోవచ్చు’ అని పదకొండు వందల నలభై మందికి కబురు వెళ్ళిపోయింది.

పావుగంటలో ఫోను మోగింది.

“అమ్మా, నా పేజీలో మా కుక్క ఫొటో అడ్డంగా పడింది. నిలబెట్టడం ఎలాగండీ?” అని అడిగాడు ఒకాయన.

“మీకు పేజీ ఎవరిచ్చారు?”

“మీరేగా.”

జాబితా చూసుకుంది. ప్రతి గడిలోనూ టిక్కు ఉంది.

మధ్యాహ్నానికి అరవై మూడు పేజీలు పుట్టుకొచ్చాయి. కొత్త అనుమతులన్నీ ఒక్క దెబ్బతో వెనక్కి తీసుకోవచ్చు. నొక్కబోతే, ‘అరవై మూడు పేజీలు చెరిగిపోతాయి, సరేనా’ అని అడిగింది కంప్యూటరు. చదవకుండా కాగితం ముక్క కూడా పారేసే మనిషి కాదామె. తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకుని, ఒకసారి చూసి చెరిపేద్దామనుకుంది.

రిటైరైన బస్సు కండక్టరు, ముప్పై ఏళ్ళలో సీట్ల మీద జనం మరిచిపోయిన వస్తువులన్నీ రాశాడు. అందులో ఒక చంకకర్ర ఉంది. ‘దాంతో ఎక్కినాయన ఎలా దిగి వెళ్ళాడో నాకిప్పటికీ తెలీదు’ అన్నాడు. నడుము కొలత దగ్గర అబద్ధమాడేవాళ్ళు ఎన్ని రకాలో ఒక దర్జీ వివరించాడు. క్యాటలాగమ్మ పకపకా నవ్వితే, చదువుకునేవాళ్ళు తలెత్తి చూశారు. ఆ గదిలో ఆమె నవ్వు వాళ్ళెప్పుడూ వినలేదు.

తర్వాతి పేజీ అత్తగారిది.

‘మా కోడలు గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తుంది. ఇంటికొచ్చాక కూడా అదే ఉద్యోగం. మా వంటింట్లో పంచదార మూడో అర, ఏడో నంబరు డబ్బా. మొన్న ఏడో నంబరులో ఉప్పు దొరికింది. ఎవరు మార్చారని విచారణ జరుగుతోంది. నేనే మార్చాను.’

నలభై ఒక్క మంది చదివినట్టు కింద అంకె కనబడింది.

సాయంత్రం చెప్పులు విప్పకుండానే అందుకుంది క్యాటలాగమ్మ. “నా గురించి ఊరంతా చాటడం ఏంటత్తయ్యా?”

“ఊరంతా ఎక్కడే, నలభై ఒక్కమందేగా,” అంది అత్తగారు.

భర్త ఏదో పనున్నట్టు పెరట్లోకి జారుకున్నాడు.

“రేపు మీ అనుమతి తీసేస్తాను.”

“తీసెయ్యి. రెండో భాగం పొద్దున్నే పెడతా, అది కూడా చదివి తీసెయ్యి.”

మర్నాడు ఆఫీసుకు రాగానే తెరిచింది. అత్తగారి కంటి ఆపరేషను నాటి సంగతి అది. నెలరోజులు కోడలు పేపరు చదివి వినిపించిందట. దొంగతనం వార్తా, సబ్బు ప్రకటనా, పోయినవాళ్ళ ఫొటోల కింది మాటలూ, అన్నీ ఒకే గొంతుతో, ఒక్క అక్షరం వదలకుండా. ‘కట్టు ఊడుతుందేమోనని నవ్వు ఆపుకోలేక ఆపుకున్నాను. చూపొచ్చాక చదవడం మానేసింది. చెప్పలేదు గానీ, నాకు కొంచెం బాధేసింది.’

క్యాటలాగమ్మ అది రెండుసార్లు చదివింది. ముక్కు తుడుచుకుంది. అంతలో గ్రంథాలయాధికారి పిలిచాడు.

“ఈ సంత ఏంటండీ? మూసేయండి.”

“పొరపాటు నాదే సార్. కానీ మూయొద్దు. రాసినవాళ్ళ పేజీలు ఉంచుదాం. నెలలోగా రాయనివాళ్ళకు అనుమతి తీసేద్దాం. ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే జోక్యం చేసుకుందాం.”

“రెండేళ్ళుగా వద్దంటూ వచ్చింది మీరేగా?”

“అప్పుడు చదవలేదు సార్.”

ఆయన గడ్డం గోక్కుని, సరేనన్నాడు. నెల తిరిగేసరికి మూడు వందల పేజీలయ్యాయి. క్యాటలాగమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం ముగించుకుని, వాటిని వరసగా చదివేది.

కొత్త పద్ధతిలో మొట్టమొదటి ఫిర్యాదు ఆమె మీదే వచ్చింది. ఇచ్చింది అత్తగారు. తన పేజీలో పదకొండు అక్షరదోషాలను ఎవరో తనను అడక్కుండా దిద్దారని, ‘కోడలు’ అన్న మాట పక్కన ‘మంచి’ అని కూడా చేర్చారని రాసింది. అధికారి నవ్వు దాచుకుంటూ ఇద్దరి వాదనా విని, ఇతరుల పేజీలు దిద్దే అనుమతి క్యాటలాగమ్మకు తీసెయ్యాలని తీర్పిచ్చాడు. అది ఎలా తీసెయ్యాలో ఆ భవనంలో ఇంకెవరికీ తెలియదు గనక, కళ్ళద్దాలు పెట్టుకుని ఆమే తీసేసుకుంది. అత్తగారు పక్కనే నిలబడి చూసింది.