తూరె డాక్టరు ఒక్క స్కానుతో వదలడు

మా ఆర్వికా ఊళ్ళో పళ్ళ డాక్టరు తూరెకి ఉన్న జబ్బు ఒక్కటే: ఒక్క స్కానుతో తృప్తిపడడు. ఆయన దగ్గర నర్సుగా పద్దెనిమిదేళ్ళు వేగినదాన్ని, నాకు తెలియదా! కాఫీ వేళ దాల్చినచెక్క బన్ను కోస్తే రెండు ముక్కలూ సమానమా కాదా అని పళ్ళ కొలతలు తీసే కెమెరాతో స్కాన్ చేసేవాడు. "నీ ముక్క పావు మిల్లీమీటరు ఎక్కువ, గున్విల్!" అని ఆ పావూ గిల్లుకుని తినేవాడు. ఒకసారి కొళాయి బాగుచెయ్యడానికొచ్చినవాడి ముక్కు ముచ్చటగా ఉందని దాన్నీ స్కాన్ చేశాడు. మూడుసార్లు.

ఆ చలికాలం మంచుమీద జారిపడి యోర్డిస్‌కి ముందరి పళ్ళు నాలుగూ ఊడిపోయాయి. మా చుట్టుపక్కల వేలంపాటలన్నీ నడిపేది ఆవిడే. కొత్త పళ్ళు బిగించడానికి దవడలో స్క్రూలు నాటాం. తాత్కాలికంగా ఇచ్చిన పళ్ళు డోకొస్తోందని డబ్బాలో పడేసి, నెలల తరబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే తిరిగింది.

స్కానుకి వచ్చినరోజు అడిగింది, "అసలు పళ్ళు ఎప్పుడొస్తాయి?"

"రెండు వారాలు," అన్నాడు తూరె.

"వేలం ఈ శనివారమే! తొర్రినోటితో జనం ముందుకా? చస్తే పోను. వేలం సుత్తి మా మేనల్లుడికిచ్చేస్తా. ఇక వాడే చూసుకుంటాడు, ఎప్పటికీ."

తూరె ఆ స్క్రూలకి, స్కానులో వాటి చోటు తెలిసేలా, గుర్తు మేకులు బిగించి, కలంలాంటి కెమెరాను చిగుళ్ళ వెంట తిప్పాడు. తెరమీద నోరంతా బొమ్మకట్టింది.

"చెడింది! నాలుక కదిలింది. అది అలిసేదాకా దానికి కాస్త పని చెప్పాలి. ఈ కుర్చీని వేలం వెయ్యి."

"ఇక్కడా?" అంది చేతిచాటునుంచి.

"చెయ్యి తియ్యి, వినపడట్లా."

గొణుగుతూనే కుర్చీని వేలం వేసింది. మళ్ళీ స్కాను. మళ్ళీ చెడిందట! "ఈసారి గున్విల్‌ని వెయ్యి."

"నన్నెందుకయ్యా మధ్యలో!" అని నేను మొత్తుకుంటూండగానే, బయట కూర్చున్న పేషెంట్లు తలుపు దగ్గర మూగి పాట పెంచేశారు. యోర్డిస్‌కి ఊపొచ్చింది.

"ఇప్పుడు డాక్టరు! పాత సరుకు, నోరెక్కువ, పూచీ లేదు! నూరు క్రోనర్లు, ఎవరైనా?"

"నలభై!" అన్నాడు దవడ వాచిన పెద్దాయన.

"నలభై ఒకటోసారి! రెండోసారి!" రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. తొర్రి అందరికీ కనబడింది. ఎవరికీ పట్టలేదు. మూడో స్కాను మాత్రం బాగా వచ్చిందట.

ఆవిడ వెళ్ళాక కంప్యూటర్ చూసి నాకు ఒళ్ళు మండింది. "తూరే! మొదటి స్కానే ల్యాబుకి పంపేశావు! మరి ఆ రెండూ దేనికి?"

"పళ్ళకి ఒకటి చాలు, గున్విల్. ఆ చెయ్యి దించడానికి మూడు పట్టాయి."

శనివారం తొర్రినోటితోనే యోర్డిస్ సుత్తి పట్టింది. మేనల్లుడు బల్లలు మోశాడు. ఆ అరుపు విని నాకెంత సంతోషమేసిందంటే, చెయ్యి దానంతటదే లేచింది. మా ఇంట్లో ఇప్పుడు మూడు కాళ్ళ గుర్రపుబొమ్మ ఉంది.