తెల్ల పైపు, మారేడు దళాలు

కోలాబు జలాశయపు రేవులో యాత్రికులు రాత్రి బస చేసే రెండంతస్తుల పడవ ఒకటి ఉన్నది. దాని యజమాని రాయగడ సావుకారు ఢిల్లీశ్వరరావు. అందులోని నీటికి మాత్రం అధికారి సోమేశ్వరరావు. అతని పూర్వులు శ్రీకాకుళం నుంచి వచ్చి గుణుపురం దగ్గర సేద్యం చేసుకున్నవారు. అతడు జేకేపూర్‌లో పైపుల పని చేసి, అది మానుకొని ఈ పడవకు వచ్చి పదకొండేళ్లయింది.

పడవ అడుగున అయిదు వందల లీటర్ల మంచినీటి తొట్టి ఉంది. దాని మూతకు తాళం. తాళంచెవి సోమేశ్వరరావు మొలతాడుకు ఉండేది.

రేవు గట్టున ఉన్న కుళాయికి కొండ మీది ట్యాంకు నుంచి నీరు దిగుతుంది. ఆ ట్యాంకును కడిగి నింపేవాడు సావుకారు దగ్గరే పనిచేసే పొట్టంగి మనిషి మహేశ్వరరావు. కుళాయి నుంచి పడవకు పైపులు రెండు: ఆకుపచ్చది పడవ కడగడానికి, తెల్లది తాగే నీటికి. తెల్ల పైపు మూతి జలాశయపు నీటిని తాకితే సోమేశ్వరరావు దృష్టిలో దానికి మైల సోకినట్టే. మరిగిన నీటితో శుద్ధి చేసిన తరువాతే మళ్లీ వాడతాడు. చుట్ట చుట్టేటప్పుడు చీమైనా చొరకుండా రెండు కొసలనూ కలిపి బిగిస్తాడు. కొండ నీటి ఉరవడికి పడవలోని గొట్టాలు పగలకుండా కుళాయికి, లోపల సన్నని జాలీ ఉన్న ఒక ఇత్తడి వాల్వు తగిలిస్తాడు. మొదటి రెండు బకెట్ల నీరు గట్టున ఉన్న బంతి మొక్కలకు వదులుతాడు. ఆ పైన తూర్పుకు తిరిగి, పుడిసెడు నీరు పట్టి, ఆచమనం చేసినంత నిష్ఠతో నాలుక మీద వేసుకుంటాడు. రుచి నచ్చితేనే పైపు తొట్టికి కలుపుతాడు.

"ఏటి మావా, సాంబారనుకుంతన్నావేటి? ఉప్పు సరిపోయిందా?" అని మహేశ్వరరావు రోజూ అడిగేవాడు. సోమేశ్వరరావు రోజూ బదులు చెప్పేవాడు కాదు.

అతనికి మరొక నియమమూ ఉండేది. కార్తికమాసంలో మొదటి సోమవారం గుప్తేశ్వరం తీర్థాన్ని ఒక చెంబెడు, గుడ్డతో వడగట్టి తొట్టిలో కలిపేవాడు. అది అతని భార్య రామతులసికి తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఏడు ఆమె మోకాలి నొప్పితోనే మెట్లు దిగి, గుహలోని స్వామిని సేవించి, మారేడు దళాలతో సహా తీర్థం తెచ్చింది.

"వడగట్టీకు. సామి మీద దళాలవి. గుడ్డలో మూటగట్టి పారేత్తావేటి?" అన్నది.

ఆ ఉదయం అతడు వడగట్టలేదు.

ఆనాడు పడవ ఎక్కినవారు బోరిగుమ్మ వర్తకుల కుటుంబం. వారిలో పెద్దావిడ అమ్మన్నమ్మ ఉపవాసం ఉన్నది. సాయంత్రం స్నానం చేసి, దీపం పెట్టి, నక్షత్ర దర్శనమయ్యాక భోజనం చేయాలి. మూడు గంటలకు, పడవ జలాశయం నడుమ ఉండగా కుళాయిలన్నీ ఎండిపోయాయి. పంపు మూలుగుతున్నది, నీరు రావడం లేదు. సోమేశ్వరరావు కిందకు దిగి పంపు ముందరి జల్లెడ విప్పాడు. మూడు దళాలు దానికి అతుక్కుని ఉన్నాయి.

వెనకనే దిగి వచ్చిన ఢిల్లీశ్వరరావు వాటిని చూశాడు.

"కొండ మీద మారేడు సెట్టుంది కదా! ఆ మయేశ్వర్రావు ట్యాంకు మూత తెరిసీసి తొంగున్నాడు. రేపటి నుంచి ఆడు పనిలోకి రావక్కర్నేదు," అన్నాడు.

కొండ ట్యాంకులో రాలిన ఆకు ఆ ఇత్తడి వాల్వు జాలీని దాటి రావడం అసాధ్యం. ఆ సంగతి తెలిసినవాడు పడవలో ఒక్కడే. ఆ ఒక్కడు నోరు మూసుకుంటే మహేశ్వరరావు బతుకుతెరువు పోతుంది. నోరు తెరిస్తే పదకొండేళ్ల నమ్మకం పోతుంది. సోమేశ్వరరావు జల్లెడను కడిగి తిరిగి బిగించాడు. పంపు నీరందుకున్నది.

"ఆడు కాదు సావుకారూ. నేనే యేసేను. గుప్తేశ్వరం తీర్థం."

"తాగే నీల్లలోనా? ఎవలడిగేరు నిన్ను?"

"ఎవలూ అడగనేదు."

మెట్ల పైనుంచి అమ్మన్నమ్మ గొంతు వినబడింది. "తగువు తరవాత పడండి నాయినా. సామి తీర్థమంటన్నాడు కదా, ముందు నా బకిట్లోకి రానీండి. పొద్దుపోతంది!"

ఢిల్లీశ్వరరావు చెయ్యి చాచాడు. సోమేశ్వరరావు మొలతాడు నుంచి తాళంచెవిని విప్పి ఆ చేతిలో పెట్టాడు. ముడి బిగిసిపోయి ఉండడం వల్ల కొంచెం సేపు పట్టింది.

మరునాడు ఉదయం ఆ తాళంచెవి మహేశ్వరరావు జేబులో ఉన్నది. రోజూ రేవులో ఉండేవాడు కనుక సావుకారు అతనికే అప్పగించాడు. సోమేశ్వరరావు దగ్గర నుంచి ఎందుకు తీసుకున్నాడో కూడా చెప్పాడు. మహేశ్వరరావు తొట్టి మూత తీశాడు. సోమేశ్వరరావు తొట్టి ఖాళీ చేసి, తోమి, తెల్ల పైపు విప్పి, వాల్వు బిగించసాగాడు.

"నోరు మూసుకునుంటే ఇది నీకాడే ఉండేది కదా మావా," అన్నాడు మహేశ్వరరావు.

రెండు బకెట్ల నీరు బంతి మొక్కలకు పోయింది. ఇప్పుడు తాళంచెవి ఎవరిదో రుచి చూడవలసినదీ వారే అన్నట్టు సోమేశ్వరరావు పైపు కొసను మహేశ్వరరావు వైపు చాచాడు. అతడు సందేహిస్తూ దోసిలి పట్టాడు.

సోమేశ్వరరావు వాల్వు మీది చూపు తిప్పలేదు.

"తూరుపు అటు," అన్నాడు.